శాతం గుర్తుకు సూచిలో చోటు

పైథాన్ అనే కంప్యూటరు భాష వివరణగ్రంథాన్ని 2008లో వెలువడిన స్ఫింక్స్ అనే సాధనంతో కూరుస్తారు. అది పుటల్లోని పదాలను ఏరి, ప్రత్యయాలు తొలగించి, అన్వేషణకు పదసూచిని తానే నిర్మిస్తుంది. శ్లాఘ్యమే, కాని చాలదు. శాతం గుర్తు పదం కాదు గనుక ఆ వడపోతలో జారిపోతుంది. ఆ గుర్తుకు భాగహారశేషం ఒక అర్థం, పాఠంలో విలువలను పొదగడం మరొక అర్థం. ఈ భేదమెరిగిన రచయితలు స్వయంగా సూచించినందువల్లనే సాధారణసూచిలో చిహ్నాలకు ప్రత్యేకవిభాగం ఏర్పడి, రెండర్థాలూ వేర్వేరుగా దొరుకుతున్నాయి.

ఈ చిక్కు ప్రాచ్యవిద్యకు కొత్తది కాదు. అష్టాధ్యాయీసూత్రాల అకారాదిసూచి సూత్రాది స్మరించేవానికే ఉపకరిస్తుంది. యణాదేశవిధి ఎక్కడున్నదని అడిగే విద్యార్థికి కాదు. సంస్కృతాంధ్రగ్రంథాలను కంప్యూటరుకెక్కిస్తున్న విద్వాంసులు పదసూచిని యంత్రానికి విడిచినా, విషయసూచిని తామే కూర్చవలసి ఉన్నది.