చేతిదోషమా, కంటిదోషమా?

పాదరక్షల కుట్టు వంకరగా నున్నదని చర్మకారునితోఁ దగవులాడని గృహస్థుఁడు మన పట్టణములలో నరుదు. పదేండ్ల క్రిందటఁ దిన్నగాఁ గుట్టిన యతఁడే నేఁడు వంకరగాఁ గుట్టుచుండఁగా, మనమతనికి సోమరితనము నంటఁగట్టుదుము, త్రాగుడు నంటఁగట్టుదుము, కూలిలోఁ గొంత తగ్గింతుము. అతని చూపెట్లున్నదని మాత్ర మడుగము.

మేమును గడచిన వేసవిలో నట్లే ప్రవర్తించితిమి. నల్లని చేసంచికిఁ దోలువారు తెగఁగా, మా వీథిచివరఁ గూర్చుండు నేఁబదియేండ్ల పనివాని కిచ్చితిమి. అతఁడు తోలు నొకమాఱు దూరముగాఁ జాఁచి, ఒకమాఱు వెలుతురువైపు త్రిప్పి, ఆరెమొనతోఁ గుట్టుబెజ్జములకు గుఱుతులు పెట్టుచుండెను. ఇంత యాలస్యమేల యని విసుగుకొంటిమి. "పొద్దు వాలితే నలుపులో నలుపు కనపడదు బాబూ! పెట్టిన గుర్తు పెట్టినచోటే పోతుంది" అని యతఁడు తల వంచుకొనెను. మా ముక్కుమీఁదఁ గంటిజోడుండెను. అతని ముక్కుమీఁద లేదు. ఆ సిగ్గే యీ వ్యాసమునకు మూలము.

నలువదియేండ్లు దాఁటినపిమ్మటఁ గంటిలోని కటకము క్రమముగా గట్టిపడి, దగ్గఱి వస్తువులకుఁ దగినట్లు రూపు మార్చుకొనఁజాలదు. ఇది వయోధర్మము, పండితునకును బామరునకును సమానము. నల్లతోలు వెలుతురును మ్రింగును గనుక, దానిపై నారె పెట్టిన నొక్కు తన చిన్ననీడవలననే కనఁబడవలయును. బట్టలోఁ దప్పుకుట్టు విప్పినచో సూదిబెజ్జము పూడుకొనును. తోలులోఁ బడిన బెజ్జ మెన్నఁటికిని బూడదు. బెజ్జములు మిక్కిలి దగ్గఱగాఁ బడెనా, తోలు తపాలాబిళ్లల కాగితమువలెఁ జినుఁగును. చూపు తగ్గినవాని యొక్క పొరపాటు సరకునంతటిని జెఱచును.

"చేయి యలవాటుపడినవారికిఁ గన్నులతోఁ బనియేమి?" యని కొందఱందురు. తేయాకు కోయుటకంటె నలవాటైన చేతిపని యేది? అస్సాము తోటలలో 2017వ సంవత్సరమున నలువదియేండ్లు పైఁబడిన కూలీలకు దగ్గఱిచూపు అద్దము లిచ్చి పరీక్షింపఁగా, అద్దములు లేనివారి పనికంటె వారి పని నూటికి సుమారు 22 పాళ్లు ఎక్కువగాఁ బెరిగినట్లు 2018లోఁ బ్రకటింపఁబడెను. బంగ్లాదేశపు గ్రామములలో జరిగిన మఱియొక పరీక్షలో అద్దములు పొందినవారి యాదాయము నూటికి 33 పాళ్లు పెరిగినట్లు 2024లోఁ దేలెను. అలవాటు చాలునన్న వాద మింతటితో వీఁగిపోయినది.

"ప్రభుత్వమువా రిచ్చుచున్నారు గదా" యని మఱికొందఱందురు. తెలంగాణమున 2018 ఆగస్టులోను, ఆంధ్రప్రదేశమున 2019 అక్టోబరులోను గంటివెలుఁగు పథకము లారంభమైనవి. అవి కొనియాడఁదగిన కార్యములే. కాని యొకమా ఱిచ్చిన యద్దములు జన్మాంతము చాలవు. ఏండ్లు గడచినకొలఁది వాని శక్తి మార్పవలయును. ఒకపూఁట పని మానినచోఁ గూలి పోవు నతఁడు శిబిరమునకెట్లు పోవును? పోయినను, పుస్తకము పట్టు దూరమునకుఁ దగిన యద్దము మోకాలిపైఁ బెట్టుకొని కుట్టువానికిఁ జాలకపోవచ్చును. అక్షరముల పటముతోఁబాటు అతని నల్లతోలుముక్కనే యతనిచేతి కిచ్చి, అతఁడు పనిచేయు దూరముననే పరీక్షింపవలయునని మేము వాదించుచున్నాము.

నల్లతోలుపై వెండిరంగు పెన్సిలుతో గీఁత గీయుటయు, లేతరంగు గల లోపలివైపున గుఱుతులు పెట్టుటయు, దీపము నేటవాలుగా నుంచుటయు మేలైన యుపాయములే. అవి కంటిజోడునకుఁ దోడగును గాని బదులు గావు.

అసలు కారణము వేఱు. కంటిజోడు చదువరికి భూషణమనియు, తోలుపని హీనమనియు మన మనసులలో నాఁటుకొన్నది. చర్మకారుఁడు కంటిజోడు పెట్టుకొన్న నవ్వువారు నేఁటికిని గలరు. భాగవతమున నొక యక్షరము మసకబాఱఁగానే వైద్యునొద్దకుఁ బరుగెత్తు మనము, దినమంతయు బెజ్జములు వెదకికొను వాని కన్నులు కన్నులే కావనుకొంటిమి.

చదువరులారా! ఈసారి చెప్పు తెగినపుడు కూలి బేరమాడకుఁడు, చూపెట్లున్నదని యడుగుఁడు. తగ్గినదనెనా, ఆ దినపుఁ గూలి మీరిచ్చి యతనిని వెంటఁబెట్టుకొని కంటివైద్యునొద్దకుఁ బొండు. పండుగనాఁడు పాతబట్ట యిచ్చుటకంటె నిది మేలు.