కిరీటమునకు వారసుడు ఋణమునకును వారసుడే

జనవరి 26వ తేది మనకు పర్వదినము. 1930వ సంవత్సరమున ఆనాడు దేశమంతటను పూర్ణస్వరాజ్య ప్రతిజ్ఞ పఠింపబడెను. 1950లో ఆనాడే మన రాజ్యాంగము అమలులోనికి వచ్చి, పరరాజు పేరు మన శాసనములనుండి తొలగిపోయెను. ఆస్ట్రేలియా ఖండమునను ఆ తేదియే జాతీయదినము. కాని యచ్చట జరుపుకొనునది దాస్యవిముక్తి కాదు. 1788లో ఆనాడు ఆర్థర్ ఫిలిప్ అను నావికాధికారి సిడ్నీ తీరమున మూడవ జార్జిరాజు పేర జెండా నెత్తెను. ఒకే తేదిన ఒక దేశమున రాజరికము వీడ్కొనెను, ఇంకొక దేశమున రాజరికము దిగుమతియయ్యెను. ఆ ఖండపు ఆదిమవాసులలో పలువురు దానిని దండయాత్రాదినమని పిలుచుటలో వింత యేమున్నది?

మూడవ ఛార్లెసు 2022 సెప్టెంబరు 8న సింహాసనమునకు వచ్చెను. ఆయన ఇంగ్లండునకు మాత్రమే కాక ఆస్ట్రేలియాకును రాజు. 2024 అక్టోబరు 21న కాన్‌బెర్రా పార్లమెంటు భవనమున ఆయన ప్రసంగము ముగియగనే, ఆదిమజాతికి చెందిన సెనేటరు లిడియా థోర్పు నిలిచి, నీవు మా రాజువు కావనియు, మా నేలను మాకిమ్మనియు ఎలుగెత్తి పలికెను. భటు లామెను వెలుపలికి గొనిపోయిరి. పత్రికలు కొన్నిదినములు ఆమె నడవడి మర్యాదయా, అమర్యాదయా యని చర్చించినవి. మర్యాద మాట అటుండనిండు. ఆమె యడిగిన ప్రశ్నకు ప్రత్యుత్తర మెవరిత్తురు? మేము నేడు విచారింపదలచిన దిదియే.

మొదటినుండి చూతము. 1768లో కెప్టెన్ కుక్కు బయలుదేరినపుడు దొరతనమువా రాతనికి రహస్యముగా నిచ్చిన యాజ్ఞలో, స్థానికుల సమ్మతితోనే నేలను స్వాధీనము చేసికొనవలెనని యుండెను. 1770 ఆగష్టు 22న ఆతడు తూర్పుతీర మంతయు రాజుదని ప్రకటించెను. సమ్మతి నడిగినవాడు లేడు, ఇచ్చినవాడు లేడు. పిమ్మట అమెరికా వలసలు చేజారెను, ఇంగ్లండు చెరసాలలు క్రిక్కిఱిసెను. ఖైదీలను పంపుట కొక చోటు కావలసివచ్చెను. 1787 మే 13న పదునొకండు ఓడలు పోర్ట్స్‌మత్ రేవు విడిచెను. అందు ఏడువందలకు పైగా ఖైదీ లుండిరి. స్థానికులతో సఖ్యముగాను, దయతోను మెలగవలెనని రాజు ఫిలిప్పునకు వ్రాతమూలముగా నాజ్ఞాపించెను. ఆజ్ఞ మంచిదే. కాని ఇల్లు ఆక్రమింప వచ్చినవానితో గృహస్థుని యెడల దయగా నుండుమని చెప్పుట ఎట్టి ధర్మమో పాఠకులే యోచింతురు గాక.

తెలుగువారికి 1788వ సంవత్సర మపరిచితము కాదు. ఆ యేటనే గుంటూరు సర్కారు నిజామునుండి కుంఫిణీవారి స్వాధీనమయ్యెను. తక్కిన ఉత్తర సర్కారులకై కుంఫిణీవారు 1765లో ఢిల్లీ పాదుషాయొద్ద ఫర్మానాను, 1766లో నిజాముతో సంధిపత్రమును సంపాదించియుండిరి. ఆ పత్రములందు మన రైతు సమ్మతి లేదు. అవి రాజుల నడుమ జరిగిన బేరములు. అయినను ఈ నేల కొక యేలిక గలడనియు, అతనిచే నొక కాగితమైన వ్రాయించుకొనవలెననియు వా రొప్పుకొనిరి. సిడ్నీలో ఆపాటి కాగితముకూడ లేదు. నలువదివేల యేండ్లకు పైబడి యొక జాతి కాపురమున్న ఖండము స్వామి లేని భూమిగా నెంచబడెను.

ఇది మా యూహ కాదు, వారి శాసనమే సాక్ష్యము. 1835లో జాన్ బాట్‌మన్ అనునతడు మెల్‌బోరన్ ప్రాంతపు కూలిన్ జనులతో నొక యొడంబడిక వ్రాయించుకొనెను. అందును మోస మున్నదనుట నిజమే. కాని గవర్నరు బూర్కు దానిని రద్దుచేసినది మోసమున్నదని కాదు. ఆ నేల రాజుదే గావున అమ్ముటకు స్థానికుల కధికారము లేదని. తమ తాతముత్తాతల నేలపై తామే పరాయివారైరి.

తరువాత జరిగినది వేఱుగా నుండుటెట్లు? 1789లో మశూచి సిడ్నీ పరిసరముల స్థానికులను పెద్దసంఖ్యలో తుడిచిపెట్టెను. పెముల్వుయ్ అను వీరుడు 1790 మొదలు పండ్రెండేండ్లు వలసవారి నెదిరించి, 1802లో తుపాకిగుండునకు బలియయ్యెను. ఆతని తలను నఱికి సారాయములో నుంచి ఇంగ్లండునకు పంపిరి. ఆతడు ధైర్యశాలియు, స్వతంత్రబుద్ధి గలవాడును అని పంపిన గవర్నరే వ్రాసెను. 1838 జూన్ 10న మయాల్ క్రీకునొద్ద వలసవారు ఇరువదియెనమండ్రకు తక్కువగాని నిరాయుధులను చంపిరి. ఏడ్గురు హంతకులు ఉరితీయబడిరి. అట్టి శిక్ష యరుదుగా జరుగుటచేతనే అది చరిత్రలో మిగిలినది.

ఆ జనులు రాజధర్మమును నమ్మకపోలేదు. 1930 ప్రాంతముల విలియం కూపర్ అను పెద్ద ఐదవ జార్జిరాజు పేర నొక విజ్ఞాపనము సిద్ధపఱచి, 1,814 చేవ్రాళ్లు సేకరించెను. పార్లమెంటున తమకొక ప్రతినిధి కావలెనని అందలి ప్రార్థనలలో నొకటి. ఆస్ట్రేలియా మంత్రివర్గము దానిని రాజునకు పంపనేలేదు. 1938 జనవరి 26న, వలసకు నూటయేబదియేండ్ల యుత్సవములు సిడ్నీ వీథుల సాగుచుండగా, కూపరును ఆతని సహచరులును ఒక సభామందిరమున సంతాపదినము జరిపిరి. దేశజనాభా లెక్కలో ఆదిమవాసులను చేర్చరాదను రాజ్యాంగవిధి 1967 వరకు తొలగలేదు. స్వామి లేని భూమి యను సిద్ధాంతమును అచ్చటి యున్నతన్యాయస్థానము 1992లో, మాబో వ్యాజ్యమున, త్రోసివేసెను. అబద్ధమని న్యాయస్థానమే తేల్చినపిదప, ఆ యబద్ధమువలన లాభించిన కిరీటము మౌనము దాల్చుట తగునా?

ఇందుకు రెండు సమాధానములు వినవచ్చుచున్నవి. నేటి రాజు ఆ పాపములు చేయలేదుకదా యనునది మొదటిది. నిజమే, చేయలేదు. అయితే అచ్చటి ప్రభుత్వభూములకు నేటికిని రాజభూములనియే పేరు. ఆ పేరు ఆయన కెట్లు సంక్రమించెను? రాజు మరణించినను రాజరికము మరణింపదని వారి న్యాయశాస్త్రము ఘోషించుచున్నది. తండ్రి మాన్యము ననుభవించుచు తండ్రి బాకీతో నాకు పనిలేదనువానిని మన పల్లెపెద్దలు సైత మంగీకరింపరు.

రాజ్యాంగబద్ధుడైన రాజు మంత్రుల సలహా లేక మాటాడరా దనునది రెండవది. ఇదియు నిజమే, కాని దారి లేదనుట నిజము కాదు. న్యూజిలాండున వైకాటో మావోరీలనుండి 1860 దశకమున అపహరింపబడిన భూములనుగూర్చి 1995లో చట్టము చేయబడెను. అందు కిరీటము క్షమాపణ చెప్పుకొనెను. ఎలిజబెత్తు రాణి స్వయముగా దానిపై చేవ్రాలు చేసెను. సలహా నిచ్చు మంత్రులుండిరి, చేవ్రాలు పెట్టు రాణి యుండెను. ఆకాశము విఱిగి పడలేదు. ఛార్లెసురాజు 2023లో కెన్యాలో వలసకాలపు అత్యాచారములకు గాఢవిచారము తెలిపెను గాని క్షమింపుడనలేదు. కాన్‌బెర్రాలో ఆ నేలయొక్క పూర్వస్వాములకు గౌరవము తెలిపెను గాని, వా రేల పూర్వస్వాములైరో చెప్పలేదు. విచారము చూచినవాడును పడవచ్చును. క్షమాపణ చేసినవాడే కోరవలెను.

రాజు నుంచుకొనవలెనా, వలదా యనునది ఆస్ట్రేలియా ప్రజలు తేల్చుకొనవలసిన విషయము. 1999లో వారు గణరాజ్యమును నిరాకరించిరి. ఆదిమవాసులకు పార్లమెంటునొద్ద సలహాసభ నేర్పఱచు ప్రతిపాదనను 2023 అక్టోబరులో త్రోసిపుచ్చిరి. కాని యెన్నికలు రాజ్యాంగమును నిర్ణయింపగలవు గాని చరిత్రను మార్పజాలవు. గణరాజ్యమైనంతమాత్రమున ఋణము తీరదు. రాజు నిలిచినంతమాత్రమున ఋణము మాసిపోదు.

కావున మేము కోరునది స్వల్పము. ఆస్ట్రేలియా మంత్రులు తమ రాజునకు సలహా నిత్తురు గాక. రాజు ఆ గడ్డపై, ఆ జనుల యెదుట, మూడవ జార్జి పేర జరిగినది అన్యాయమని స్పష్టముగా పలికి క్షమాపణ కోరును గాక. పెముల్వుయ్ శిరస్సును వెదకించుటకు అంతఃపురమువారు పూనుకొందురు గాక. జనవరి 26వ తేదిన జెండా నెత్తి ఆనందించు భాగ్యము మనకు లభించినది. ఆ దినముననే తలవంచుకొని కూర్చుండు జాతి పక్షమున నొక్క న్యాయవాక్యము పలుకుట ఆ భాగ్యమునకు మనము చెల్లింపవలసిన వెల.