మూత తీసిన వాగు

ఒక మహానగరం నడిబొడ్డున ఒక వాగు ఉండేది. అది ఎండిపోలేదు, దారి మళ్ళలేదు. అయినా నలభై ఏళ్ళకు పైగా అది ఎవరి కంటా పడలేదు. జనం దాని మీదనే నడిచేవారు, దాని మీదనే బేరాలాడేవారు. దాని నెత్తిన రాత్రింబవళ్ళు బస్సులూ, లారీలూ పోయేవి. అక్కడ పుట్టి పెరిగిన పిల్లలకు కూడా, తమ కాళ్ళ కింద వాగు ఉన్నదన్న సంగతి పెద్దలు చెబితేనే తెలిసేది.

ఆ నగరం దక్షిణ కొరియా రాజధాని సియోల్. ఆ వాగు పేరు చోంగ్యేచోన్. ఆ మాటకు తేటనీటి వాగు అని అర్థం. పిల్లలూ, ఈ నెల మనం దాని ఒడ్డున ఉన్న పేటకు పోయి వద్దాం.

సియోల్ 1394లో రాజధాని అయింది. ఊరి చుట్టూ కొండలున్నాయి. ఆ కొండల మీద కురిసిన వాన పల్లానికి దిగి, ఊరి మధ్యగా పడమటి నుంచి తూర్పుకు పారేది. అదే మన వాగు. ఆడవాళ్ళు అందులో బట్టలు ఉతికేవారు, పిల్లలు ఆడుకునేవారు. ఊరి మురుగు కూడా అందులోకే పోయేది. వరద వస్తే ఒడ్డున ఇళ్ళు మునిగేవి. అందుచేత 1441లో, సెజోంగ్ అనే రాజు కాలంలో, వాగులో ఒక కొలతకొయ్య నాటించారు. దాని మీది గీతలు చూసి, నీరు ఎంత ఎత్తుకు వచ్చిందో చెప్పేవారు. కాలక్రమాన కొండల మీది చెట్లు పొయ్యిలోకి పోయాయి. మట్టి కొట్టుకు వచ్చి వాగు పూడిపోయింది. 1760లో యోంగ్జో అనే రాజు సుమారు 2,00,000 మందిని పెట్టి ఆ పూడిక తీయించాడు.

ఈ వాగు మీద ఒక రాతి వంతెన ఉన్నది. దానికొక చిత్రమైన కథ ఉన్నది. తెజోంగ్ అనే రాజుకు తన సవతితల్లి అంటే పడేది కాదు. ఆమె తన కొడుకుకే రాజ్యం రావాలని పట్టుబట్టింది. ఆమె చనిపోయిన తరవాత తెజోంగ్ రాజయ్యాడు. అతను 1409లో ఆమె సమాధిని ఊరి వెలుపలికి తరలించాడు. మరుసటి ఏడు వరద వచ్చి వాగు మీది మట్టివంతెన కొట్టుకుపోయింది. రాజు ఆ సమాధి రాళ్ళనే తెప్పించి వంతెన కట్టించాడు. మహారాణి సమాధి రాళ్ళ మీదుగా ఊరంతా నడిచింది! చక్కని శిల్పాలు చెక్కిన ఆ రాళ్ళలో కొన్నింటిని తలకిందులుగా కూడా పేర్చారు. ఆ రాళ్ళు ఈనాటికీ కనిపిస్తాయి.

మరి అటువంటి వాగు ఎలా మాయమయింది?

1950 నుంచి 1953 దాకా కొరియాలో ఘోరమైన యుద్ధం జరిగింది. ఇల్లూ వాకిలీ పోయినవాళ్ళు వేలకొద్దీ సియోల్ చేరి, వాగు ఒడ్డునే చెక్కలతో, రేకులతో పాకలు వేసుకున్నారు. వాళ్ళకు మరుగుదొడ్లు లేవు, కుళాయిలు లేవు. వాగు మురుగుకాలవ అయిపోయింది. దాన్ని శుభ్రం చేసేకంటే కప్పెయ్యటం తేలిక అని అధికారులకు తోచింది. 1958లో కాంక్రీటు పలకలతో వాగుకు మూత వెయ్యసాగారు. పాకలలో వాళ్ళను ఊరి బయటికి పంపేశారు. మూత మీద వెడల్పయిన రోడ్డు వచ్చింది. ఆ రోడ్డు పైన 1967లో మరొక రోడ్డు, అంటే ఫ్లైఓవరు, మొదలుపెట్టి 1971 నాటికి కట్టేశారు. కింద వాగు, దాని మీద రోడ్డు, ఆపైన మరొక రోడ్డు! దేశం ముందుకు పోతున్నదనటానికి అదే గుర్తని ఆ రోజుల్లో అందరూ గర్వపడ్డారు.

రోడ్డుకు రెండు పక్కలా పనివాళ్ళ పేట పెరిగింది. పనిముట్లు, దీపాలు, మోటార్లు, బట్టలు, పాత పుస్తకాలు, ఏది కావాలన్నా అక్కడ దొరికేది. అక్కడి ఎలక్ట్రిక్ అంగళ్ళను ఒక చుట్టు చుట్టి వస్తే చాలు, జలాంతర్గామిని కూడా తయారు చెయ్యవచ్చునని సియోల్ వాళ్ళు వేళాకోళంగా అనేవారు.

అయితే ఆ పేటలో కన్నీళ్ళు కూడా ఉండేవి. అక్కడ శాంతి బజారు అనే పెద్ద బట్టల బజారు ఉన్నది. దాని మేడ మీద, నిటారుగా నిలబడటానికి కూడా చాలనంత పొట్టి అటకల్లో, మీ అంత వయసు ఆడపిల్లలు రోజుకు 14 గంటలు బట్టలు కుట్టేవారు. చోన్ తెయిల్ అనే యువకుడు అక్కడ దర్జీ పని చేసేవాడు. ఆకలితో ఉన్న ఆ పిల్లలకు అతను తన బస్సు డబ్బులతో రొట్టెలు కొనిపెట్టి, తాను గంటల తరబడి నడిచి ఇల్లు చేరేవాడు. పనివాళ్ళ కోసం చట్టం ఉన్నదనీ, దాన్ని ఎవరూ లెక్క చెయ్యటం లేదనీ అతనికి తెలిసింది. ఆ చట్టాన్ని అమలు చెయ్యమని పోరాడుతూ, 1970 నవంబరు 13న, 22 ఏళ్ళ వయసులో ప్రాణాలు విడిచాడు. ఇప్పుడు వాగు మీది వంతెనలలో ఒకదాని పైన అతని విగ్రహం ఉన్నది.

ముప్ఫయి ఏళ్ళు తిరిగేసరికి ఫ్లైఓవరు ముసలిదయింది. కింద మురుగు నుంచి లేచే ఆవిర్లు కాంక్రీటును, అందులోని ఇనుమును తినేశాయి. మరమ్మతు చెయ్యాలా, లేక తీసెయ్యాలా అన్న ప్రశ్న వచ్చింది. తీసేసి వాగును బయటపెడతానని చెప్పిన మనిషి 2002లో నగరానికి మేయరయ్యాడు. 2003 జులై 1న కూలగొట్టటం మొదలుపెట్టారు. 2005 అక్టోబరు 1న, దాదాపు 5.8 కిలోమీటర్ల పొడవున, వాగు మళ్ళీ వెలుతురు చూసింది.

"రోజుకు సుమారు 1,68,000 బండ్లు పోయే దారి తీసేస్తే ఊరు స్తంభించిపోదా?" అని చాలామంది భయపడ్డారు. అలా కాలేదు. 2004లో నగరమంతటా బస్సుల పద్ధతి మార్చారు. పెద్ద రోడ్ల నడుమ బస్సులకే వేరుగా బాట వదిలారు. బస్సుకూ, మెట్రో రైలుకూ కలిపి ఒకే చార్జీ పెట్టారు. కారు మానేసి బస్సెక్కిన వాళ్ళు కొందరు, వేరే దారి చూసుకున్న వాళ్ళు కొందరు. దారి ఉంటే బండ్లు పెరుగుతాయి, దారి తగ్గితే మనుషులు మరో ఉపాయం వెతుక్కుంటారు.

వాగు బయటపడ్డాక పేట చల్లబడింది. వేసవిలో వాగు దగ్గర కొలిచి చూస్తే, నాలుగు వీధుల అవతలి రోడ్డు మీది కంటే 3.3 నుంచి 5.9 డిగ్రీల దాకా వేడి తక్కువగా ఉన్నది. ఇందుకు కారణం మీ ఇంట్లోనే ఉన్నది. మట్టికుండలో నీళ్ళు ఎందుకు చల్లబడతాయి? కుండ గోడలోని సన్నని రంధ్రాల గుండా కొంచెం నీరు పైకి ఊరి ఆవిరవుతుంది. ఆవిరి కావటానికి వేడి కావాలి. ఆ వేడిని అది కుండ నుంచీ, లోపలి నీటి నుంచీ తీసుకుంటుంది. వాగు కూడా చుట్టూ ఉన్న గాలి నుంచి అలాగే వేడి తీసుకుంటుంది. పైగా పగలంతా ఎండను తాగి రాత్రి వేడిని కక్కే కాంక్రీటు తగ్గిపోయింది. ఫ్లైఓవరు అడ్డు తొలగటంతో వాగు వెంట గాలి ఆడింది.

పిలవకుండానే వచ్చిన చుట్టాలు కూడా ఉన్నారు. 2003లో అక్కడ 4 జాతుల చేపలుండేవి, 2008 నాటికి 25 అయ్యాయి. 6 జాతుల పక్షులు 36 అయ్యాయి. 15 జాతుల పురుగులు 192 అయ్యాయి.

ఇప్పుడు ఆ పేటలో ఒక రోజు ఎలా గడుస్తుందో చూడండి. పొద్దున్నే ముసలివాళ్ళు వాగు వెంట నడకకు వస్తారు. మధ్యాహ్నం ఆఫీసుల వాళ్ళు మెట్లు దిగి, గట్టు మీద కూచుని, నీళ్ళలో కాళ్ళు పెట్టుకుంటారు. దగ్గరి సందుల్లో అచ్చు యంత్రాలు టకటకమంటూ ఉంటాయి. కాగితం కట్టలూ, గుడ్డల తానులూ ఎత్తుకు పైగా పేర్చుకుని మోటారు సైకిళ్ళు ఆ సందుల్లోనే దూరిపోతాయి. చీకటి పడిందంటే తూర్పు ద్వారం దగ్గర టోకు బట్టల బజార్లు తెరుస్తారు. దూరపు ఊళ్ళ వ్యాపారులు రాత్రంతా సరుకు కొని, తెల్లవారేసరికి మూటలు కట్టుకుని పోతారు.

వాగుకు కొంచెం ఎడంగా 1905లో పుట్టిన క్వాంజాంగ్ అనే బజారు ఉన్నది. పైన పట్టుబట్టలూ, పెళ్ళిబట్టలూ అమ్ముతారు. కింద తిండి అంగళ్ళు. అక్కడ ఒక వంటకం చూస్తే తెలుగు పిల్లలు నవ్వుకుంటారు. పెసరపప్పు నానబోసి, మోటారుతో తిరిగే రాతి తిరగళ్ళలో రుబ్బి, ఆ పిండిని పెనం మీద పోసి కాలుస్తారు. అంటే మన పెసరట్టే! కాకపోతే పిండిలో మొలకలూ, ఊరవేసిన కాబేజీ, తరచు మాంసం ముక్కలూ కలుపుతారు. నూనె బాగా పోసి దిబ్బరొట్టెలాగా మందంగా కాలుస్తారు. పూర్వం దానికి పేదవాళ్ళ తిండి అని పేరుండేది. ఇప్పుడు దానికోసం దేశదేశాల వాళ్ళు వస్తున్నారు.

ఇంతవరకు విని, కథ సుఖాంతమయిందనుకోకండి. దీనికి రెండో పక్క కూడా ఉన్నది.

మొదటి సంగతి, ఇప్పుడు పారేదంతా వాగు సొంత నీరు కాదు. సియోల్‌లో వాన చాలా భాగం ఎండాకాలపు నెలల్లోనే పడుతుంది. తక్కిన కాలంలో వాగు ఎండిపోతుంది. అందుచేత హాన్ నది నుంచీ, మెట్రో సొరంగాలలో ఊరే నీటి నుంచీ రోజుకు దాదాపు 1,20,000 టన్నుల నీరు మోటార్లతో తోడి పోస్తున్నారు. కరెంటు ఆగితే వాగూ ఆగుతుంది. "ఇది వాగు కాదు, పొడవాటి ఫౌంటెను" అని ఎద్దేవా చేసినవాళ్ళు కూడా ఉన్నారు. పెద్ద వాన కురిస్తే నీరు చప్పున పొంగుతుంది గనక, నడకకు వచ్చినవాళ్ళను పైకి పంపించి మెట్లదారులు మూసేస్తారు.

రెండో సంగతి ఇంతకన్నా పెద్దది. పని మొదలుపెట్టే ముందు నగరంవాళ్ళు అంగళ్ళవాళ్ళతో 4,000 సార్లకు పైగా మాట్లాడారు. అది మెచ్చుకోవలసిన విషయమే. కాని రోడ్డు పక్కన గుడ్డ పరచుకుని అమ్ముకునే వందల మందిని 2004లో ఒక పాత ఆటల మైదానంలోకి పంపారు. వాళ్ళు అక్కడ కుదురుకుంటూ ఉండగానే, 2007లో ఆ మైదానాన్ని మూసేశారు. 2008లో వాళ్ళు మళ్ళీ మూటలు కట్టుకుని ఇంకొక చోటికి పోయారు. మైదానం ఉన్నచోట 2014లో మూల అన్నది లేని ఒక అందమైన వెండిరంగు భవనం తెరిచారు. పనిముట్ల అంగళ్ళవాళ్ళ కోసం ఊరి ఆగ్నేయ దిక్కున పెద్ద భవనాలు కట్టారు గాని, అక్కడి ధర చాలామందికి అందలేదు. ఇటు వాగుకు 50 మీటర్లలోపు స్థలాల ధర 30 నుంచి 50 శాతం పెరిగింది. స్థలం ధర పెరిగితే అద్దె పెరుగుతుంది. అద్దె పెరిగితే, నలభై ఏళ్ళుగా అక్కడ మరలు బిగించుకుంటున్న మనిషి తట్టాబుట్టా సర్దుకోవలసి వస్తుంది. వాగు దగ్గరి పాత వీధులు కొన్నింటిని 2018 నుంచి కూలగొట్టటం మొదలుపెడితే, అక్కడి కమ్మరులూ, తరిణె పట్టేవాళ్ళూ తమను కదిలించవద్దని వీధికెక్కారు.

వాళ్ళ అభ్యంతరం ఏమిటంటే, ఆ పని ఒక్క అంగడిలో పూర్తి కాదు. ఒకడు ఇనుము కోస్తాడు, పక్కవాడు చిల్లులు వేస్తాడు, ఎదుటివాడు మెరుగు పెడతాడు. అందరూ కూతవేటు దూరంలో ఉంటేనే పని సాగుతుంది. వాళ్ళను విడదీసి తలా ఒక చోటికి పంపితే, అంగళ్ళు మిగులుతాయేమో గాని పని మిగలదు. చేపలకు నీరు ఎలాగో, ఆ పనివాళ్ళకు ఇరుగుపొరుగు అలాగ.

ఈ వాగు కథ మనకు దూరంది కాదు. 2024 అక్టోబరులో తెలంగాణ నుంచి మంత్రులూ, అధికారులూ సియోల్ వెళ్ళి ఈ వాగును చూసి వచ్చారు. హైదరాబాదులో మూసీ నదిని 55 కిలోమీటర్ల మేరకు బాగుచెయ్యాలన్న ఆలోచనే అందుకు కారణం. మూసీ మురుగు పోవాలని కోరనివారు లేరు. అయితే, నది ఒడ్డున ఏళ్ళ తరబడి ఉంటున్న వాళ్ళు ఎక్కడికి పోవాలన్న ప్రశ్న కూడా ఆ ఏడే లేచింది. చేపలు ఎన్ని వచ్చాయో లెక్కపెట్టటం మంచిదే. మనుషులు ఎంతమంది ఉండిపోయారో, ఎంతమంది వెళ్ళిపోయారో కూడా అంత శ్రద్ధగానూ లెక్కపెడితేనే, ఊరు బాగుపడిందో లేదో తెలుస్తుంది.

ఈ లెక్క మీరు కూడా చెయ్యవచ్చు. మీ ఊళ్ళో పాత బజారు వీధి ఒకటి ఎంచుకోండి. ఆ చివర నుంచి ఈ చివరకు నడిచి, ఏ అంగడిలో ఏ పని జరుగుతున్నదో ఒక పుస్తకంలో రాయండి. ఆ అంగడి ఎన్నేళ్ళుగా ఉన్నదో పెద్దవాళ్ళను అడగండి. ఎండవేళ ఒక ఉష్ణమాపకం తీసుకుపోయి, చెట్టు నీడనా, రోడ్డు మీదా ఎంత వేడి ఉన్నదో కూడా రాయండి. ఆ పుస్తకం పారెయ్యక దాచండి. అయిదేళ్ళు పోయాక అదే వీధిలో మళ్ళీ నడిచి, రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూడండి.