మరణానికి రిజిస్టరు ఉంది, మట్టికి చోటేది?

మన పల్లెల్లో సత్యహరిశ్చంద్ర నాటకం ఆడితే జనం కాటిసీను కోసం తెల్లవారుజాము దాకా కూర్చుంటారు. కాటిలో మనుషులంతా సమానమేనన్న జాషువా పద్యాలకు వన్స్‌మోర్లు కొడతారు. తెల్లారాక అదే ఊళ్లో చావు జరిగితే పెద్దకులాల పాడె ఒక దారిన, మాలమాదిగల పాడె మరో దారిన పోతుంది.

శింగనమల ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం. శాసనసభలో దళితుడికి కుర్చీ దక్కిన ఈ సీమలో, చనిపోయిన దళితుడికి ఆరడుగుల నేల ఇప్పటికీ పూచీ లేనిదే. దళితవాడల శవాలకు అనంతపురం పల్లెల్లో తరచూ వంక గట్టో, చెరువు అంచో, ఎవరి పేరనో ఉన్న బీడో దిక్కు. చెరువు నిండితే సమాధులు మునుగుతాయి. బీడు చేతులు మారితే దారి మూసుకుపోతుంది.

చట్టం ఏమంటోంది? 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం ఇంట్లో మరణం సంభవిస్తే కుటుంబ పెద్ద 21 రోజుల్లోగా తెలియజేయాలి. గడువు దాటితే ఆలస్య రుసుము, ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు. ఆ పత్రం లేనిదే వితంతువుకు పింఛను రాదు, పొలం వారసుల పేరుకు మారదు. అదే చట్టం పదో సెక్షన్ శ్మశాన నిర్వాహకుడూ మరణ సమాచారం ఇవ్వాలంటోంది. అంటే ప్రతి శవానికీ ఒక శ్మశానం ఉంటుందని చట్టం ముందే అనుకుంది. శ్మశానాలను ఏర్పాటు చేసి నిర్వహించే బాధ్యతను 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం గ్రామ పంచాయతీపై పెట్టింది. 21 రోజులు దాటిన పేద కుటుంబం రుసుము కడుతుంది. దశాబ్దాలుగా బాధ్యత మరచిన పంచాయతీ ఏమి కడుతోంది?

దీనికి ప్రభుత్వాలకు తెలిసిన జవాబు ఒక్కటే: ‘ఎస్సీ శ్మశానం’. దాన్ని నేను అంగీకరించలేను. 2019 ఆగస్టులో మన సరిహద్దుకు దగ్గరలోనే, తమిళనాడులోని వాణియంబాడి వద్ద, పొలాల మీదుగా దారి ఇవ్వనందున దళితులు శవాన్ని తాళ్లతో వంతెన మీది నుంచి కిందికి దించారు. దాన్ని స్వయంగా విచారణకు స్వీకరించిన మద్రాసు హైకోర్టు, దళితులకు వేరు శ్మశానాలు కేటాయించి ప్రభుత్వమే ఈ ఆచారాన్ని ప్రోత్సహిస్తున్నట్లుందని వ్యాఖ్యానించింది.

ఉమ్మడి శ్మశానం అంటే ఊళ్లో గొడవలవుతాయని, ముందు ఏదో ఒక చోటు దక్కనివ్వమని మిత్రులు అంటారు. శవం వాకిట్లో ఉన్నవాడి తొందర నాకు అర్థమవుతుంది. చోటు వెంటనే ఇవ్వాల్సిందే. కానీ కులం పేరున కాదు, పంచాయతీ పేరున ఇవ్వాలి. దారితో సహా రెవెన్యూ రికార్డుకెక్కాలి. గొడవ భయం చట్టాన్ని ఆపకూడదు. దళితులను శ్మశాన వినియోగంలో అడ్డుకోవడం, వారిచేత శవాలు మోయించడం, గుంతలు తవ్వించడం 2015 సవరణతో అట్రాసిటీ చట్టం కింద నేరాలయ్యాయి. పెద్దకులాల చావుకు తప్పెట కొట్టి, గట్టి నేలలో గుంత తవ్విన చేతులకు తమవారి కోసం తవ్వుకునే నేల లేదనడం ఆచారం కాదు, నేరం.

విద్యార్థులకు ఒక మాట. సెలవులకు ఊరెళ్లినప్పుడు పంచాయతీ కార్యదర్శిని సమాచార హక్కు చట్టం కింద రెండు ప్రశ్నలు అడగండి. మన ఊరి శ్మశానం సర్వే నంబరు ఎంత? అందులో ఎవరెవరిని పూడుస్తున్నారు? మొదటిదానికి జవాబు కాగితం మీద రావచ్చు. రెండోదాన్ని ఊరే చెప్పాలి.