వెస్టర్న్ చిత్రములకు కాలము చెల్లినదా?

2024లో కెవిన్ కాస్ట్‌నర్ తన ‘హొరైజన్’ గాథలోని ప్రథమభాగమును థియేటర్లకు పంపి, దానికి తగిన ఆదరణ లభింపకపోవుటచే ఆ వేసవిలోనే రావలసిన రెండవ భాగపు విడుదలను నిలిపివేయవలసివచ్చినప్పుడు, వెస్టర్న్ చిత్రములకు ఇక కాలము చెల్లినదను మాట మరల వినవచ్చినది. 1980లో మైకేల్ చిమినో తీసిన ‘హెవెన్స్ గేట్’ ఘోరముగా నష్టపోయి, చాప్లిన్ ప్రభృతులు స్థాపించిన యునైటెడ్ ఆర్టిస్ట్స్ సంస్థ చేతులు మారుటకు కారణమైననాడును ఇదే మాట పుట్టినది. పదేండ్లు గడచునప్పటికి ఆ కాస్ట్‌నర్ తీసిన ‘డాన్సెస్ విత్ వోల్వ్స్’ ఏడు ఆస్కారులను, మఱి రెండేండ్లకు ఈస్ట్‌వుడ్ తీసిన ‘అన్‌ఫర్‌గివెన్’ నాలుగింటిని గెలుచుకొన్నవి. ఒకప్పుడు ఏటేట పదులకొలది వెలువడిన ఈ చిత్రములు నేడు వ్రేళ్ళపై లెక్కింపదగినన్నియే వచ్చుచున్నవి, నిజమే. అయినను తాము పుట్టిన నేల చరిత్రను నిలదీసి యడుగు ధైర్యము వీనికి సంపూర్ణముగా అలవడినది ఈ కాలముననే యగుటచే, వీనిని శ్రద్ధతో చూడవలసిన సమయమిదియేయని నా దృఢవిశ్వాసము.

కౌబాయి చిత్రమనగనే మనలో పెక్కుమందికి గుఱ్ఱములు, టోపీలు, తుపాకుల మ్రోత మాత్రమే స్ఫురించును. అందుకు కారణము లేకపోలేదు. కురోసావా ‘యోజింబో’ కథను గైకొని ఇటలీ దర్శకుడు సెర్జియో లియోనీ 1964లో ‘ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్’ను స్పెయిన్ దేశమున చిత్రీకరింపగా, ఆ ఇటలీ బాణి 1971లో కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వమున, కృష్ణగారి ‘మోసగాళ్ళకు మోసగాడు’గా రాజస్థాన్ ఎడారులలో తెలుగు పలికినది. అది సాహసోపేతమైన ప్రయత్నము, నేటికిని చూడ ముచ్చట గొలుపును. కాని ఇన్ని దేశములు దాటి వచ్చునప్పటికి వేషము మిగిలినదే గాని, దానిని పుట్టించిన భూమియు, ఆ భూమిపై జరిగిన అన్యాయమును వెనుకనే నిలిచిపోయినవి.

ఆ భూమిని చూడగోరువారు జాన్ ఫోర్డ్ 1956లో తీసిన ‘ది సెర్చర్స్’ను చూడవలెను. అమెరికా అంతర్యుద్ధము ముగిసిన మూడేండ్లకు సోదరుని ఇల్లు చేరిన ఈథన్ ఎడ్వర్డ్స్ మరల ప్రయాణమునకు సిద్ధపడుచుండగా, సోదరుని భార్య మార్తా లోపలి గదిలోనికేగి అతని కోటును చేతికి దీసికొని మెల్లగా నిమురును. ముందుగదిలో నిలిచి కాఫీ త్రాగుచున్న మతబోధకుడు క్లేటన్ దానిని కనుగొని, కనుగొననట్లు చూపు ముందునకు మరల్చుకొనును. ఒక్క మాటయైనను లేదు. ఆమె అటుతరువాత ఆదివాసులైన కొమాంచీల దాడిలో మరణింపగా, ఈథన్ ఏండ్లతరబడి సాగించిన వెదుకులాటయందలి దుఃఖమంతయు మనకు అర్థమగుటకు ఆ నిమిరిన చేయి చాలును. ఆ దాడిలో అపహరింపబడిన మార్తా కూతురు కొమాంచీలలో కలసిపోయినదను క్రోధముతో ఆమెనే చంపగోరు మనుష్యుని పాత్రను, జాన్ వేయిన్ వంటి జనప్రియ నాయకునిచేత ధరింపజేయుట ఆనాడు సామాన్యమైన సాహసము కాదు. అట్టి కృతికిని కాలము విధించిన హద్దులుండెను: కొమాంచీ నాయకుని పాత్రధారి జర్మనీలో జన్మించిన హెన్రీ బ్రాండన్, టెక్సాసుగా చూపబడిన మాన్యుమెంట్ వ్యాలీ నవాహో ప్రజల నేల, కొమాంచీలుగా తెరపై కనబడిన సామాన్యులు ఆ నవాహోలే.

ఆ హద్దులను దాటుచున్న చిత్రములు నేడు వచ్చుచున్నవి. 1845లో బండ్లతో వలసపోవుచు ఆరెగాన్ దారిని తప్పిపోయిన కుటుంబములను గూర్చి కెల్లీ రైకార్ట్ 2010లో తీసిన ‘మీక్స్ కటాఫ్’ నాకు మిక్కిలి ప్రియమైనది. విశాలాకాశమునకు ప్రసిద్ధిగాంచిన ఈ జాతి చిత్రములలో ఆమె తెరను దాదాపు చతురస్రముగా కుదించెను. బోనెట్లు ధరించిన స్త్రీల చూపునకు ఇరువైపుల గల అడ్డు అప్పుడు మన చూపునకును కలుగును. పురుషులు దూరమున నిలిచి దారిని గూర్చి మంతనములాడుచుండగా, ఆ స్త్రీలకు వినబడినట్లే మనకును సగము మాటలే వినవచ్చును. ఇన్ని దశాబ్దములుగా ఆ బండ్లవెంట నడచిన స్త్రీల స్థానమునుండి మనమెన్నడును ఆ ప్రయాణమును చూచియుండలేదు గదా! జేన్ క్యాంపియన్ ‘ది పవర్ ఆఫ్ ది డాగ్’ కూడ ఈ కోవలోనిదే. ఇక మార్టిన్ స్కోర్సేసీ 2023లో తీసిన ‘కిల్లర్స్ ఆఫ్ ది ఫ్లవర్ మూన్’ వెస్టర్న్ అనదగునా యను వాదమున్నను, చమురుచే సంపన్నులైన ఓసేజ్ ప్రజలను ఆస్తికొఱకు హతమార్చిన 1920ల నాటి ఘోరమును చూపి, వారి భాషను తెరపై వినిపించి, ఆదివాసి సంతతికి చెందిన లిలీ గ్లాడ్‌స్టన్‌ను కథకు గుండెకాయగా నిలిపిన ఆ చిత్రమును ఈ వంశమునుండి వేఱుచేయుటకు నా మనసొప్పదు.

నాకు విచారము కలిగించునది వేఱొకటి. కొండలు, మేఘములు, దూరముననెక్కడో చుక్కవలె కదలు గుఱ్ఱపురౌతు కథలో పాత్రలై యుండు ఈ చిత్రములను మనమిప్పుడు అఱచేతిలోని ఫోనుపై, మధ్యమధ్య ఆపుకొనుచు చూచుచున్నాము. ఆ రౌతు దానియందు కనబడనే కనబడడు. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణములలోని ఫిలిం సొసైటీలును, మన విశ్వవిద్యాలయములును ‘ది సెర్చర్స్’ను, ‘మీక్స్ కటాఫ్’ను వరుసగా రెండు సాయంకాలములు పెద్దతెరపై, తెలుగు ఉపశీర్షికలతో ప్రదర్శించి, ప్రేక్షకులతో చర్చ జరుపవలెనని నా కోరిక.