సింకులో పోసింది ఎక్కడికి పోతుంది?

తిరుపతి మురుగు స్వర్ణముఖిలో, చిత్తూరు మురుగు నీవా నదిలో కలుస్తోంది. దిగువన ఆ ఏటి నీళ్లతో, ఏటి పక్క బోర్లతో పంట పెట్టేది మనమే. ఆ మురుగులో ఇళ్ల నీళ్లే కాదు, రక్తపరీక్షల ల్యాబుల నీళ్లూ ఉంటాయి.

మిగిలిపోయిన రక్తం, మూత్రం, మిషన్లు కడిగిన రసాయనాలు, రంగులు, కండ ముక్కలను నిలవుంచే ఫార్మలిన్. ఫార్మలిన్‌లోని ఫార్మాల్డిహైడ్ క్యాన్సర్ తెచ్చేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగమే తేల్చింది. మాకు అంతకన్నా భయం, మందులకు లొంగని క్రిములంటే. కల్చర్ పరీక్షకు పెంచిన క్రిములను చంపకుండా పారబోస్తే, వట్టి కాళ్లతో మడికి నీళ్లు కట్టేవాళ్ల పుండ్లదాకా రావచ్చు.

చట్టం లేక కాదు. 2016 జీవ వైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం ల్యాబులోనే క్రిములను చంపి, రసాయనాలను శుద్ధి చేశాకే మురుగులోకి వదలాలి. పడకలు లేని చిన్న ల్యాబుకూ మినహాయింపు లేదు. పసుపు, ఎరుపు సంచులైతే బండి వచ్చి తీసుకెళ్తుంది, నలుగురికీ కనబడుతుంది. సింకులో పోసింది ఎవరికి కనబడుతుంది? తనిఖీ అంటే సంచులు లెక్కపెట్టడం కాదు.

ఖాళీ పురుగుమందు డబ్బా గట్టున కనబడితే రైతుకు పాఠం చెబుతారు. చెప్పాల్సిందే. ఆ పాఠం ఊరి మురుక్కాలువ దగ్గరా చెప్పండి.

కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్న ల్యాబుల జాబితా మున్సిపల్ ఆఫీసులో అంటించాలి. మురుగు ఏట్లో కలిసేచోట నీళ్లు పరీక్ష చేయించి, ఫలితం దిగువ పంచాయతీలకు ఇవ్వాలి. రెండు కలెక్టరేట్లలోనూ సోమవారం అర్జీ ఇద్దాం. ఏటి ఒడ్డు ఊళ్ల సభ్యులు బోర్ల సర్వే నెంబర్లు రాసుకొని రండి.