కెమెరా తప్పా? కాళ్ళ తప్పా?



ఆగస్టు 19 ప్రపంచ ఫోటోగ్రఫీ దినోత్సవం. 1839లో అదే రోజున పారిస్ నగరంలో ఫోటో తీసే పద్ధతిని లోకానికంతటికీ వెల్లడి చేశారు. ఆ సందర్భంగా మన గోడపత్రికలో అందరూ ఫోటోల గొప్పతనం గురించి రాస్తున్నారు. నేను మాత్రం బీరువాలో ఉన్న కెమెరా గురించి రాస్తున్నాను.

దాని సంగతి మీకు తెలిసిందే. సైన్సు మాస్టారు తన పాత డిజిటల్ కెమెరాను మన పిల్లలకి ఇచ్చారు. పోయిన నెల ఒక ఆదివారం గెడ్డ దగ్గరికి వెళ్ళినప్పుడు, ఎనిమిది మందినీ ఒకే ఫోటోలో పట్టించాలని నేను కెమెరాలో చూసుకుంటూ వెనక్కి, ఇంకా వెనక్కి నడిచాను. పాచి పట్టిన బండ మీద కాలు జర్రున జారింది. పక్కనున్న స్నేహితుడు చొక్కా పట్టుకుని లాగకపోతే నీళ్ళలో పడిపోయేవాణ్ణే. మోకాలు దోక్కుపోయింది. మర్నాడే కెమెరా బీరువాలోకి వెళ్ళింది, తాళం పడింది.

వార్డెన్ మాస్టారికి కోపం రావడం న్యాయమే. మా అమ్మానాన్నలు మమ్మల్ని వారి చేతుల్లో పెట్టి వెళ్ళారు. మాకేమైనా అయితే వారే జవాబు చెప్పాలి. కాని నా అభిప్రాయం ఏమిటంటే, తప్పు కెమెరాది కాదు, నాది. తాళం వేస్తే కెమెరా జాగ్రత్తగా ఉంటుంది గాని మాకు జాగ్రత్త రాదు. సెలవులకి ఇంటికి వెళ్తే అన్నయ్య ఫోను చేతికి వస్తుంది. అక్కడా గెడ్డ ఉంటుంది, బండలు ఉంటాయి. తాళం మాత్రం ఉండదు. అప్పుడు మమ్మల్ని ఎవరు ఆపుతారు?

"ఫోటోలు తీస్తే మార్కులు వస్తాయా?" అని కొందరు అడుగుతారు. రావు. కాని చూడడం వస్తుంది. ఇదివరకు పొగమంచు అంటే నాకు చలి ఒక్కటే గుర్తొచ్చేది. ఇప్పుడు దుప్పటి తీసి ముందే లేస్తున్నాను. సాలెగూడు మీద మంచు బొట్లు ఎండ తగలగానే ఎలా మెరుస్తాయో, ఎంతసేపు ఉంటాయో నాకు తెలుసు. చలికి బ్యాటరీ తొందరగా అయిపోతుందని, దాన్ని చొక్కా జేబులో వెచ్చగా పెట్టుకోవాలని కూడా నేర్చుకున్నాను.

సంక్రాంతి సెలవులకి మాస్టారి అనుమతితో కెమెరా ఇంటికి తీసుకెళ్ళాను. పసుపు కొమ్ములు శుభ్రం చేస్తున్న మా అవ్వ చేతులు ఫోటో తీశాను. "ఇదేటిరా గుంటడా, నా చేతికి ఇన్ని గీతలున్నాయా!" అని నవ్వింది. అవ్వకి ఆధార్ కార్డు మీద ఉన్నది తప్ప వేరే ఫోటో లేదు. నేను తీసినదే రెండోది. ఇది చిన్న విషయమా? మీరే చెప్పండి.

కనుక సరదా ఉండాలి, భద్రతా ఉండాలి. దెబ్బ తిన్నవాడిగా నాకు తోచినవి రాస్తున్నాను.

1. నడిచేటప్పుడు చూడొద్దు, చూసేటప్పుడు నడవొద్దు. కెమెరాలో చూస్తున్నప్పుడు కాలికింద ఏముందో తెలియదు. వెనక్కి జరగాలంటే కెమెరా దించి, వెనక్కి తిరిగి, నేల చూసి అడుగు వేయాలి.

2. ఒంటరిగా వెళ్ళొద్దు. ఒకరు ఫోటో తీస్తుంటే ఇంకొకరు చుట్టూ చూస్తూ ఉండాలి. నన్ను కాపాడింది అదే.

3. ఇక్కడ ఎండ కాస్తున్నా పై కొండల్లో వాన పడితే గెడ్డ పొంగుతుంది. నీరు ఎర్రబడినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా ఫోటో వదిలేసి వెంటనే గట్టెక్కాలి.

4. ఉరుము వినపడితే కొండ కొమ్ము మీద గాని, ఒంటరి చెట్టు కింద గాని నిలబడొద్దు.

5. అరకు మీదుగా వెళ్ళే కొత్తవలస – కిరండూల్ రైలు లైను, దాని సొరంగాలు ఫోటోలకి బాగుంటాయి. కాని పట్టాల మీద నిలబడి ఫోటో దిగడం ప్రమాదం, నేరం కూడా. ఆగిన గూడ్సు బండి కదా అని పైకి ఎక్కొద్దు. పైనున్న తీగల్లో 25,000 వోల్టుల కరెంటు ఉంటుంది. ముట్టుకోకపోయినా, దగ్గరికి వెళ్తేనే ప్రాణం తీస్తుంది.

6. పాము, తేనెపట్టు కనిపిస్తే దగ్గరికి పోవద్దు. జూమ్ ఉన్నది అందుకే.

7. మనుషుల్ని అడిగి తీయాలి. మా అమ్మ సంతలో అల్లం అమ్ముతుంటే ఒక టూరిస్టు అడగకుండా మొహం దగ్గర కెమెరా పెట్టి ఫోటో తీసుకుని వెళ్ళిపోయాడు. అమ్మ తల దించుకుంది. ఆ బాధ తెలిసిన మనం అదే పని ఇంకొకరికి చేయకూడదు.

చివరగా వార్డెన్ మాస్టారికి నా మనవి. ఆదివారం రెండు గంటలు చాలు, వ్యాయామం మాస్టారు తోడు ఉన్నప్పుడే కెమెరా ఇప్పించండి. ఎవరెవరు వెళ్తున్నారు, ఎక్కడికి, ఎన్ని గంటలకి తిరిగి వస్తారు అనేది పుస్తకంలో రాసి సంతకం పెడతాము. నియమం తప్పినవారు నెల రోజులు కెమెరా ముట్టుకోకూడదు. ఆ శిక్ష ముందు నాకే వేయండి. నెల తర్వాత కూడా నేను కెమెరా పట్టను, మిగతావాళ్ళకి కాపలా ఉండమన్నా ఉంటాను.

నవంబరు వస్తే కొండ వాలులన్నీ వలిసె పూలతో పచ్చగా పసుపు పూసినట్టు ఉంటాయి. ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి ఫోటోలు తీసుకుని వెళ్తారు. మన కొండల్ని మన పిల్లలు కూడా తీయాలని నా కోరిక. అప్పటికి బీరువా తాళం తీస్తారని ఆశిస్తున్నాను.

ఇట్లు,
మోకాలు మానిన
తొమ్మిదో తరగతి విద్యార్థి